రాత్రి చప్పుళ్లు – పొరుగువారి హక్కు

కిందటి ఏడాది మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి మొదటి పీరియడ్‌లో రోజూ కునుకు తీసేది. లెక్కల పుస్తకం ముందు తెరిచి ఉండేది, కళ్లు మాత్రం మూతలు పడేవి. రెండు వారాలు చూసీచూడనట్టు ఊరుకున్నాం. మూడో వారం గట్టిగానే మందలించాం. రాత్రిళ్లు ఫోన్ చూస్తూ మేలుకుంటోందని మా అనుమానం. చివరికి తల్లిని పిలిపించాం.

ఆమె కొండాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. సిద్దిఖ్ నగర్ వైపు ఒకే గదిలో నలుగురు ఉంటారు. "ఫోన్ ఎక్కడిది టీచర్, ఇంట్లో ఉన్నది ఒక్కటే, అది నా దగ్గరే ఉంటుంది. పక్క గదిలో టీవీ రాత్రి ఒంటిగంట దాకా మోగుతుంది. రెండు గదులకూ గోడ ఒకటే. నేను నాలుగింటికి లేవాలి. పిల్ల ఇంక ఎప్పుడు పడుకుంటుంది?" అంది. మరి వాళ్లకు చెప్పలేదా అని అడిగాం. "వాళ్లు ఇంటి ఓనరుకి బావమరిది వాళ్లు. చెబితే గది ఖాళీ చేయమంటారు" అంది.

ఆ అమ్మాయి ఫీజు మన సంస్థే కడుతోంది. పుస్తకాలు, యూనిఫాం కూడా మీ విరాళాలతోనే వచ్చాయి. అన్నీ అమరాయి, నిద్ర ఒక్కటే లేదు. ఆ పిల్లను బద్ధకస్తురాలని మేము అందరి ముందూ అన్నాం. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని బాధపెడుతోంది. ఈసారి సంచికకు చదువుల మీద ఏదైనా రాయమన్నప్పుడు ఈ విషయమే రాయాలనిపించింది.

మన ప్రాంతంలో ఈ ఇబ్బంది ఎందుకు పెరిగిందో ముందు చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, హఫీజ్‌పేట ఊళ్లే. ఇషా నమాజు తర్వాత ఊరంతా ఒకేసారి సద్దుమణిగేది. ఇప్పుడు ఒకే అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లలో ఉండే రెండు కుటుంబాలకు రాత్రి ఒక సమయంలో రాదు. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అక్కడివాళ్లతో కలిసి పనిచేసే కుర్రాడు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు క్యాబ్ దిగుతాడు. స్నానం చేస్తాడు, గుడ్డు వేయించుకుంటాడు, బట్టలు మెషీన్‌లో వేస్తాడు. అది అతని సాయంకాలం. మనకు అది గాఢనిద్ర వేళ. అదే వేళకు హాస్టల్ వంటవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు నిద్ర లేస్తారు. ఎవరూ ఎవరి మీదా కక్షతో చేయడం లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని పొరుగువారి దగ్గరికి వెళ్తే సగం తగాదాలు మొదలే కావు.

చప్పుడు రెండు రకాలుగా మన ఇంట్లోకి వస్తుంది. మాటలు, టీవీ, పాటలు గాలిలో వస్తాయి. తలుపు కింది సందు, కిటికీ అంచులు, సన్నని గోడ వాటికి దారి. కుర్చీ ఈడ్చడం, అల్లం వెల్లుల్లి దంచడం, వాషింగ్ మెషీన్ చివర్లో గిరగిరా తిరగడం, నీళ్ల మోటారు, ఇవన్నీ నేలనూ గోడనూ పట్టుకుని వస్తాయి. పాత అపార్టుమెంట్లలో గదుల మధ్య నాలుగంగుళాల ఇటుక గోడలే ఎక్కువ, కాబట్టి మాటలు వినిపిస్తాయి. గోడలతో సహా అంతా కాంక్రీటుతో పోసే కొత్త టవర్లలో మాటలు తక్కువ వినిపిస్తాయి కానీ, ఎవరో డ్రిల్లింగ్ మొదలుపెడితే నాలుగు అంతస్తుల అవతలికీ తెలుస్తుంది.

రెండో రకం చప్పుడుతో ఒక చిక్కుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో చెవి సరిగ్గా చెప్పలేదు. మా అనుభవమే చెబుతాం. పై ఫ్లాట్‌లో రాత్రి ఏదో ఈడుస్తున్నారని వారం రోజులు పళ్లు కొరుక్కుని, ఒకరోజు రాత్రి పదకొండున్నరకు వెళ్లి తలుపు కొట్టాం. వాకర్ పట్టుకుని ఒక పెద్దాయన మెల్లగా వచ్చి తలుపు తీశారు. ఇంట్లో ఆయన, ఆయన భార్య, ఇద్దరే. ఆ చప్పుడు వాళ్లది కానే కాదు. వాళ్ల పక్క ఫ్లాట్ బాల్కనీలో వంకరగా నిలబెట్టిన వాషింగ్ మెషీన్‌ది. మర్నాడు వెళ్లి క్షమించమని అడిగాం. "ఫర్వాలేదండీ" అన్నారు గానీ, ఆరు నెలలపాటు లిఫ్టులో మాతో మాట్లాడలేదు.

అందుకే మొదటి పని, వారం రోజులు కాగితం మీద రాసుకోవడం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎలాంటి చప్పుడు, ఎంతసేపు. పిల్లలకు సైన్సు ప్రయోగం రాయించినట్టే. ఇలా రాస్తే చప్పుడు ఎవరిదో తేలుతుంది, మన కోపం కూడా కొంత తగ్గుతుంది.

రెండోది, వెళ్లే వేళ. చప్పుడు జరుగుతున్నప్పుడు వెళ్లకూడదు. అసర్ తర్వాతో, సెలవురోజు పొద్దున పదకొండింటికో వెళ్లాలి. ఒక్కరే వెళ్లాలి. నలుగురితో వెళితే పంచాయితీ అవుతుంది. "మీ ఇంట్లో గోల ఎక్కువైంది" అంటే ఎవరైనా ఎదురు తిరుగుతారు. "తమ్ముడూ, రాత్రి మూడున్నరకు వాషింగ్ మెషీన్ వేస్తున్నట్టున్నారు. మా పాపకు పరీక్షలు. పొద్దున ఏడు తర్వాత వేయడానికి వీలవుతుందా?" అంటే అతను ఆలోచిస్తాడు. మన ఇంటి నుంచి అతనికి ఏ చప్పుడు ఇబ్బందో కూడా అడగాలి. పగలు నిద్రపోయేవాడికి మన పిల్లలు కారిడార్‌లో ఆడే క్రికెట్టే శిక్ష. ఫోన్ నంబరు ఇచ్చి రావాలి. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకూడదు. వంద మంది ముందు పరువు పోయినవాడు టీవీ తగ్గించడు, ఇంకాస్త పెంచుతాడు.

మూడోది, చిన్న చిన్న సవరణలు. కుర్చీ, మంచం కాళ్లకు రబ్బరు తొడుగులు. మిక్సీ కింద మడతపెట్టిన మందపాటి గుడ్డ. వాషింగ్ మెషీన్ కింద రబ్బరు మ్యాట్, దాని నాలుగు కాళ్లూ సమంగా ఉండేలా బిగింపు. టీవీని ఉమ్మడి గోడకు తగిలించకుండా ఎదుటి గోడకు మార్చడం. మన మంచాన్ని ఆ గోడకు దూరంగా జరిపి, బీరువానో పుస్తకాల అరనో అక్కడ పెట్టడం. తలుపు కింది సందు మూయడం. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఆగదు. గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో, అంతే. గోడ దాటే చప్పుడును ఆపేది బరువు, సందులు లేకపోవడం.

ఇవన్నీ మనం కొత్తగా కనిపెట్టిన మర్యాదలేమీ కావు. హజ్రత్ మిఖ్దాద్ (ర) చెప్పిన ఒక సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. ఆయన, ఇద్దరు సహచరులు దైవప్రవక్త (స) ఇంట అతిథులుగా ఉన్న రోజులవి. ప్రవక్త (స) రాత్రి ఇంటికి వచ్చినప్పుడు మేలుకున్నవారికి వినబడేలా, నిద్రపోతున్నవారు లేవకుండా ఉండేలా సలాము చేసేవారట. సలామంటే శుభాకాంక్ష. దానికి కూడా స్వరం కొలిచి వాడారు. అబూ దావూద్ సంకలనంలో మరొక ఉదంతం ఉంది. రాత్రి నమాజులో హజ్రత్ అబూబకర్ (ర) మరీ మెల్లగా, హజ్రత్ ఉమర్ (ర) బిగ్గరగా ఖుర్ఆన్ పారాయణం చేసేవారు. కునుకుతున్నవారిని లేపడానికి, షైతానును తరమడానికి అలా చదువుతున్నానని ఉమర్ (ర) కారణం చెప్పారు. ప్రవక్త (స) ఒకరిని కాస్త పెంచమన్నారు, ఆయనను కాస్త తగ్గించమన్నారు. ఉద్దేశం మంచిదే, చదివేది ఖుర్ఆనే, అయినా స్వరం తగ్గించమనే చెప్పారు.

ఇమామ్ అబూ హనీఫా గురించి చెప్పుకునే కథ మన పెద్దలకు తెలిసిందే. కూఫాలో ఆయన పక్కింట్లో ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. పగలంతా కష్టపడి, రాత్రి తాగి, నిద్రపట్టేదాకా పాడుతూ ఉండేవాడు. ఇమామ్ గారు ఆ పాట వింటూనే రాత్రి నమాజులు చేసుకునేవారు. ఒక రాత్రి ఆ గొంతు వినిపించలేదు. వాకబు చేస్తే గస్తీవాళ్లు పట్టుకెళ్లారని తెలిసింది. ఫజ్ర్ కాగానే బయలుదేరి అధికారి దగ్గరికి వెళ్లి అతన్ని విడిపించుకొచ్చారు. ఆ మనిషి తర్వాత మారిపోయాడంటారు. అందరం ఇమామ్ అబూ హనీఫా అంత ఓపిక చూపలేం. తొమ్మిదో తరగతి పిల్లను అంత ఓపిక పట్టమని అడగడం కూడా న్యాయం కాదు. అయితే చప్పుడు చేసే మనిషి ఎవరో ఆయనకు తెలుసు. మనలో చాలామందికి పక్క ఫ్లాట్‌లో ఉన్నవారి పేరే తెలియదు.

మాటతో పని జరగకపోతే చట్టం ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. తేడా పదే కదా అనుకోకూడదు. పది డెసిబెళ్లు తగ్గితే శబ్ద శక్తి పదో వంతవుతుంది, చెవికి దాదాపు సగంగా తోస్తుంది. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇష్టం లేనివారిచేత బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదంది. పరిమితిని పది డెసిబెళ్లు దాటినా, రాత్రి ఆంక్షలను ఉల్లంఘించినా పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. 112కు ఫోన్ చేస్తే సరిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 292వ సెక్షన్ ప్రజలకు ఇబ్బంది కలిగించేవారికి జరిమానా వేస్తుంది.

అయితే ఈ చట్టాలు లౌడ్ స్పీకర్లకు, డీజేలకు, చుట్టుపక్కల పదిమందిని బాధపెట్టే గోలకు పనికొచ్చినంతగా, ఒక గోడకు అవతలి టీవీకి పనికిరావు. కానిస్టేబుల్ వచ్చేసరికి టీవీ కట్టేసి ఉంటుంది. అతను వెళ్లాక మిగిలేది మనమూ, పొరుగువారూ. పైగా కిరాయి గదిలో ఉన్న బీద కుటుంబం పోలీసుల దాకా వెళ్లదు, వెళ్లలేదు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. సహరీ వేళ ఆ చట్టం చెప్పే రాత్రిలోనే పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి మన వంటింట్లో మిక్సీ, కుక్కర్ విజిళ్లు, ఒకరినొకరు లేపుకునే కేకలు. అమెరికా డ్యూటీ చేసి అప్పుడే కళ్లు మూసిన కుర్రాడికి అది ఎలా ఉంటుందో ఆలోచించాలి. మసాలా రాత్రి తొమ్మిదింటికే నూరి పెట్టుకోవచ్చు. మేల్కొలపడానికి ఫోన్‌లో అలారం ఉంది. వలీమా నుంచి అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చి సందులో హారన్ కొట్టడం, మెట్ల మీద నిలబడి అరగంట వీడ్కోలు చెప్పుకోవడం మనకు బాగా అలవాటు. గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఫ్లాటు అడిగితే పేరు వినగానే లేదనే ఓనర్లున్నారు. మీ ఇళ్లలో వేళకాని వేళ చప్పుళ్లు అని కారణం చెబుతారు. ఒకరిని చూసి అందరికీ కట్టే ఆ మాట అన్యాయమే. కానీ ఆ కారణం చెప్పే అవకాశాన్ని మన చేతులతో మనం ఇవ్వనక్కర్లేదు. ఇంకొక మాట. 2024, 2025లలో రంజాన్, పిల్లల పరీక్షలు రెండూ మార్చిలోనే కలిసి వచ్చాయి. మన సందడికి ముందు నష్టపోయేది మన పిల్లలే.

ఆ అమ్మాయి సంగతి. ఒక ఆదివారం సాయంత్రం మేము వాళ్ల గదికి వెళ్లాం. తల్లిని వెంట తీసుకెళ్లకుండా పక్క గది తలుపు తట్టాం. కొత్తగా పెళ్లయిన జంట. ఆమె చాయ్ ఇచ్చింది. గోడ ఇంత పలచనని, అవతల పిల్ల చదువుకుంటోందని వాళ్లకు నిజంగానే తెలియదు. "ఆపా, ఎవరూ చెప్పలేదు" అందామె. టీవీ తగిలించిన మేకు ఉమ్మడి గోడకే ఉంది. అతను వారంలో దాన్ని వీధివైపు గోడకు మార్చాడు. టీవీ ఇప్పటికీ పన్నెండు దాకా నడుస్తుందట. కానీ మాటలు వినిపించడం లేదు, ఏదో గొణుగుడు మాత్రం వస్తుందట. అమ్మాయి ఇప్పుడు పదిలో ఉంది. మొదటి పీరియడ్‌లో ఎప్పుడైనా కునికితే కారణం ముందు అడుగుతున్నాం.

మన దాతల్లో చాలామందికి ఈ ప్రాంతంలో కిరాయికిచ్చిన గదులు, చిన్న అపార్టుమెంట్లు, హాస్టళ్లు ఉన్నాయి. నీళ్ల మోటారు రాత్రి పదిలోపు వేయించండి, దాని కింద రబ్బరు దిమ్మెలు పెట్టించండి. గదుల మధ్య గోడ కొత్తగా కట్టేటప్పుడు నాలుగంగుళాలకు బదులు తొమ్మిదంగుళాలు కట్టించండి. టీవీ పాయింటు ఉమ్మడి గోడ మీద కాకుండా వేరే గోడ మీద ఇప్పించండి. మీ గదుల్లో చదువుకునే పిల్లలెవరైనా ఉంటే, వాళ్ల తల్లులు మీకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చని, అందుకు ఖాళీ చేయించబోమని మీరే ముందుగా ఒక మాట చెప్పండి.