క్రీమ్ లేని ఆల్ఫ్రెడో పాస్తా: అసలు పని గంజిదే!

ఆల్ఫ్రెడో అనగానే మన రెస్టారెంట్లలో క్రీమ్ పోసి తెల్లగా ఇస్తారు కదా. రోమ్‌లో ఆల్ఫ్రెడో డి లెలియో తన హోటల్లో వడ్డించి పేరు తెచ్చుకున్న ఫెట్టుచీనేలో క్రీమ్ చుక్క కూడా లేదు. వెన్న, పార్మెజాన్ చీజ్, అంతే. మరి ఆ చిక్కదనం ఎక్కడిదంటారా? పాస్తా ఉడికిన నీళ్లది. మన భాషలో గంజి!

ఇద్దరికి 200 గ్రాముల మైదా, 2 గుడ్లు. మొదట పొడిపొడిగా ఉంటుంది, కంగారుపడి నీళ్లు పోసేయకండి. 10 నిమిషాలు గట్టిగా పిసికితే నున్నగా వస్తుంది. మూతపెట్టి అరగంట వదిలేయండి. ఇది స్కిప్ చేస్తే, ఎంత ఒత్తినా పిండి మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది. మెషిన్ ఎందుకండీ, చపాతీ కర్ర చాలు. కింద చెయ్యి పెడితే లీలగా కనపడేంత పల్చగా ఒత్తి, పొడి పిండి చల్లి, మడిచి, రిబ్బన్లలా కోయండి.

మరిగే ఉప్పునీళ్లలో 2-3 నిమిషాలు ఉడికిస్తే చాలు. మన షాపుల్లో బటర్ ఎక్కువగా ఉప్పుదే, అందుకని నీళ్లలో ఉప్పు కాస్త తగ్గించండి. వంపేముందు ఒక కప్పు గంజి తీసి పెట్టుకోవాలి. అది పారబోశారో, ఇక సాస్ లేనట్టే!

ఇప్పుడు స్టవ్ ఆపేసి, వేడి పాస్తాలో 60 గ్రాముల చల్లటి వెన్న, అంతే సన్నగా తురిమిన చీజ్ వేసి, గంజి కొంచెం కొంచెంగా పోస్తూ గబగబా కలపండి. గంజిలోని స్టార్చ్ వెన్నని, నీళ్లని విడిపోకుండా పట్టి ఉంచుతుంది అన్నమాట. మంట మీదే చేస్తే చీజ్ ఉండ కడుతుంది, వెన్న నూనెలా తేలుతుంది. వెన్న తేలిందా? ఇంకో రెండు చెంచాల వేడి గంజి పోసి కలిపి చూడండి, చాలాసార్లు మళ్లీ కలుస్తుంది.

వెంటనే తినేయండి, ఆగితే ముద్దైపోతుంది. రీల్ తర్వాత తీసుకోవచ్చు!