మొక్కల గడియారం

పొద్దు వాలగానే చింత, అవిసె, నిద్రగన్నేరు చెట్లు ఆకులు ముడుచుకోవడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. చీకటి పడడమే ఇందుకు కారణమని తోస్తుంది. కాని గదిలో విద్యుద్దీపాల కింద పెరిగే మొక్కలను గమనిస్తే ఈ ఊహ చాలదని తెలుస్తుంది. ప్రతిదినం ఒకే వేళకు దీపాలు ఆర్పుతూ ఉంటే, కొద్ది రోజులకు చాలా మొక్కలు దీపాలు ఆరకముందే ఆకులు వాలుస్తాయి. వెలుగు ఏమాత్రం తగ్గకుండానే రాత్రి రాకను అవి ఎలా గ్రహిస్తున్నాయి?

1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి పరిశీలించాడు. ఎండ సోకకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకొని, రాత్రి ముడుచుకొన్నాయి. 1832లో ద కందోల్ అత్తిపత్తిని ఎడతెగని వెలుగులో ఉంచగా, ఆ చక్రం 24 గంటలకు బదులు 22, 23 గంటలకే పూర్తయింది. సొంత లెక్కతో నడిచే గడియారం మొక్కలోనే ఉన్నదని దీనివల్ల తేలింది. సహజ పరిస్థితులలో పగటి వెలుగు ఆ గడియారాన్ని దినదినం సరిదిద్దుతుంది.

చింత, అత్తిపత్తి వంటి మొక్కల ఆకుకాడ మొదట చిన్న ఉబ్బు ఉంటుంది. గడియారం సూచన అందగానే ఆ ఉబ్బులో ఒకవైపు కణాల నుండి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు వెలుపలికి పోతాయి. ఆ వైపు కుంచించుకొని, రెండవ వైపు ఉబ్బగా ఆకు ముడుచుకొంటుంది.

కాబట్టి సాయంకాలం వాలిన ప్రతి ఆకూ దాహంతో వాలినది కాదు. ఈ తేడా తెలియక నీరు పోస్తూ పోతే వేళ్ళు గాలి అందక కుళ్ళిపోతాయి. తెల్లవారాక ఆకు తిరిగి నిలిస్తే అది నిద్ర. అప్పటికీ వాలే ఉంటే, నీరు పోయడానికి ముందు మట్టిని తాకి చూడాలి. తడి ఆరి ఉంటే అది దాహం. తడిగానే ఉంటే వేళ్ళకు చేటు కలిగిందేమో పరిశీలించాలి.