మారిషస్ వెళ్తే బఫే దగ్గరే ఆగిపోకండి!

మారిషస్ అనగానే ఇన్‌స్టాలో కనిపించేవి మూడే: నీలం నీళ్లు, తెల్ల ఇసుక, రిసార్ట్ బఫే. మొదటి రెండూ సూపర్. మూడోదానికి మాత్రం ఒక్కరోజు సెలవిచ్చి రోడ్డు మీదకి రండి. ఆ దీవి కథంతా అక్కడి తిండిలోనే ఉంది.

ఉప్పగా ఉండే బొబ్బట్టు!

మొదట ధోల్ పూరీ. ఉడికించి పొడి చేసిన పప్పును పిండిలో కూరి పల్చగా వత్తి కాలుస్తారు. అంటే మన బొబ్బట్టు పద్ధతే, బెల్లం మాత్రం ఉండదు. బిహార్ వైపు నుంచి వెళ్లిన కూలీల వంట ఇది. ఎప్పుడూ జంటగానే ఇస్తారు కాబట్టి ‘ఎన్ పేర్’ (ఒక జత) అని అడిగితే చాలు. లోపల బీన్స్ కూర, పచ్చడి, టమాటాతో చేసే రుగాయ్ వేసి చుట్టి చేతిలో పెడతారు. రుగాయ్‌లో ఫ్రెంచివాళ్ల థైమ్ ఆకు వాసన తగులుతుంది. గాతో పిమా అంటే ‘మిరపకాయ కేకు’ అనుకునేరు, అది అచ్చంగా మన మసాలా వడకి చుట్టం! చివర్లో సబ్జా గింజలు, జెల్లీ వేసిన చల్లని పాలు, అలూదా. పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్‌లో ఇవన్నీ దొరుకుతాయి. 2024 ఫిబ్రవరి నుంచి మారిషస్‌లో యూపీఐ ఉన్నా, బండి దగ్గర తినాలంటే జేబులో చిల్లర ఉంచుకోండి.

ఆ 16 మెట్లు

మార్కెట్ నుంచి కాస్త నడిస్తే ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి 1920 వరకు చెరకు తోటల పనికి ఒప్పందం మీద దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఈ దీవికి వచ్చారు. ఓడ దిగినవాళ్లు ఎక్కిన 16 మెట్లు ఇప్పటికీ అక్కడున్నాయి. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ధోల్ పూరీ తిన్నాక ఆ మెట్ల ముందు నిలబడితే, చేతిలో ఏమీ లేనివాళ్లు ఇక్కడికి ఏం తెచ్చుకున్నారో అర్థమవుతుంది.

సెగా అంటే షో కాదు

రిసార్టుల్లో రంగురంగుల గౌన్లతో చేసే సెగా డ్యాన్స్ బాగానే ఉంటుంది. కానీ అది ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల పాట. మేకతోలుతో చేసిన రవాన్ డప్పును మంట దగ్గర వేడి చేసి బిగుతు చేసుకుంటారు. పాదాలు నేలను వదలకుండా ఆడతారు. ఆదివారం పబ్లిక్ బీచ్‌కి వెళ్లండి. గిన్నెలతో వంటకాలు తెచ్చుకుని పాడుకునే కుటుంబాలు కనిపిస్తాయి. వీడియో తీసే ముందు ఒక్క మాట అడగండి. ముందు ‘బోంజూర్’ అంటే ఇంకా మంచిది.

మనవాళ్లూ ఉన్నారు

అక్కడి తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనేవారు. మన కాకినాడ దగ్గరి కోరంగే. ఉగాది అక్కడ దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, రామభజనం నేటికీ చేస్తారు.

ఓ గుడిలో ఒక పెద్దాయనతో తెలుగులో మాట కలిపాను. ఆయన నవ్వి క్రియోల్‌లో ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు, ఆయనకూ నా మాట అందలేదు. కాసేపటికి భజన మొదలైంది. అదే పెద్దాయన పుస్తకం చూడకుండా, వరసగా, తెలుగులో పాడేశారు! నాకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ ఆ పాటల్లో ఒక్కటీ రాదు. ఇద్దరిలో తెలుగును ఎక్కువ దాచుకున్నది ఎవరో మీరే చెప్పండి.

అందుకే టికెట్ బుక్ చేసేటప్పుడు ఆఫ్-సీజన్ రేట్లతో పాటు ఉగాది ఎప్పుడో కూడా చూడండి. బీచ్ ఎక్కడికీ పోదు.