థర్మోకోల్ పూసల సైజు: రియాక్టర్లో తేలే లెక్క

థర్మోకోల్‌కు మూలం పాలీస్టైరీన్ పూసలు. చక్కెర పలుకుల పరిమాణంలో ఉండే ఈ గట్టి పూసల్లోకి పెంటేన్ ఇంకించి ఆవిరి తగిలిస్తే ఉబ్బుతాయి. పలుచని గోడల కప్పులకు చిన్న పూసలు కావాలి, ప్యాకింగ్ దిమ్మెలకు పెద్దవి. ఒకసారి గట్టిపడిన పూస సైజును మార్చడం కుదరదు. అందుకే సైజు లెక్క ముందే, పూస తయారయ్యే రియాక్టర్లోనే తేలాలి.

నీళ్ళున్న రియాక్టర్లో స్టైరీన్ పోసి కలుపుతారు. అది నీటిలో దాదాపు కరగదు కాబట్టి బొట్లుగా చీలుతుంది. బొట్టులో కరిగి ఉన్న పెరాక్సైడు వేడికి విడిపోయి పాలిమరీకరణను మొదలుపెడుతుంది. గంటల తరబడి అలా సాగాక బొట్టు పూసగా మారుతుంది. ఈలోగా స్టిరర్ జోరుకు బొట్లు చీలుతూ, ఢీకొన్నవి కలిసిపోతూ ఉంటాయి. పాలీవినైల్ ఆల్కహాల్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటివి బొట్టు చుట్టూ చేరి ఆ కలయికను అడ్డుకుంటాయి.

చీలికకు సంబంధించిన లెక్కకు పునాది వేసింది సుడులు తిరిగే ప్రవాహంపై రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ 1941లో ఇచ్చిన సిద్ధాంతం. దాన్ని ఆధారం చేసుకుని 1955లో హింజ్ అనే శాస్త్రవేత్త బొట్టు ఎప్పుడు చీలుతుందో చెప్పాడు. నీటి సుడులు బొట్టును లాగుతాయి, తలతన్యత దాన్ని పట్టి ఉంచుతుంది. లాగుడు మించితే బొట్టు రెండవుతుంది. దీన్నుంచి వచ్చే సూత్రం ప్రకారం స్టిరర్ వేగం రెట్టింపు చేస్తే బొట్టు వ్యాసం దాదాపు 43 శాతానికి పడిపోతుంది.

అయితే ఈ సూత్రం ఒక్క సైజే చెబుతుంది. రియాక్టర్లో లెక్కలేనన్ని బొట్లు, రకరకాల సైజుల్లో ఉంటాయి. వాటన్నిటికీ జనాభా లెక్కల వంటి పద్దు ఒకటి ఉంది. ప్రతి సైజులోనూ చీలిక వల్ల, కలయిక వల్ల ఎన్ని బొట్లు కొత్తగా చేరాయి, ఎన్ని పోయాయి అని క్షణక్షణం కూడి తీసివేస్తారు. దీన్ని పాపులేషన్ బ్యాలెన్స్ అంటారు. హల్బర్ట్, కాట్జ్ 1964లో దీన్ని రసాయన ఇంజినీరింగ్‌లోకి తెచ్చారు. భారతదేశంలో పుట్టి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన దొరైస్వామి రామకృష్ణ దీనిపై ప్రామాణిక గ్రంథం రాశారు.

అసలు చిక్కు మధ్యలో ఉంది. మొదట్లో పలుచగా ఉండే బొట్టు, అందులోని స్టైరీన్ సుమారు 30 శాతం పాలిమర్‌గా మారేసరికి జిగురెక్కుతుంది. అప్పుడు చీలడం కష్టం, అతుక్కోవడం సులువు. సుమారు 70 శాతం దాటితే గట్టిపడి సైజు స్థిరపడుతుంది. నడుమ స్టిరర్ ఆగితే సరుకంతా ముద్దకట్టే ప్రమాదముంది. కాబట్టి పూసల సైజును అంచనా వేసే గణిత మోడల్ రసాయన చర్యనూ, చిక్కదనాన్నీ, బొట్ల పద్దునూ కలిపి నడపాలి. వీటిలో ఏది వదిలేసినా ఫలితం నమ్మదగినది కాదు.

ల్యాబ్ నుంచి ప్లాంటుకు వెళ్ళేటప్పుడు ఈ మోడల్ అవసరం బాగా తెలుస్తుంది. పాత్ర, స్టిరర్ కొలతలు పదింతలైతే, లీటరుకు అదే శక్తి అందడానికి నిమిషానికి 500 చుట్లను దాదాపు 108కి తగ్గించాలి. అలా చేస్తే చీలిక తీరు సరిపోలుతుంది కానీ, ద్రవం పాత్రను ఒకసారి చుట్టిరావడానికి దాదాపు 4.6 రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. స్టిరర్‌కు దూరంగా బొట్లు కలిసే అవకాశం పెరుగుతుంది. శక్తిని సమం చేసి ఊరుకుంటే చాలదు.

చీలిక, కలయిక వేగాల్లోని స్థిరాంకాలను ఇప్పటికీ ప్రయోగాల నుంచే రాబట్టాలి. ఎండబెట్టిన పూసలను జల్లెడ పట్టి వచ్చిన సైజుల వాటా లెక్కతో కుదిరితేనే ఆ మోడల్‌ను ప్లాంటులో వాడాలి.