స్నోబోర్డ్ బైండింగ్స్ కొంటున్నారా? ఆల్-మౌంటెన్ రైడింగ్‌కి ఏది సెట్ అవుతుందో ఇలా తేల్చుకోండి

సియాటెల్, బే ఏరియా, డెన్వర్ వైపు ఉండే మనవాళ్లలో చాలామంది ఒకటి రెండు సీజన్లు రెంటల్ గేర్‌తో నెట్టుకొచ్చి, తర్వాత సొంత స్నోబోర్డ్ కొందామని డిసైడ్ అవుతారు. బోర్డ్ కోసం వారాల తరబడి రివ్యూలు చూస్తారు. బైండింగ్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "సేల్‌లో ఏది ఉంటే అది వేసెయ్" అంటారు. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొని, దానికి రోడ్డు పక్కన దొరికే ఛార్జర్ తగిలించినట్టే ఉంటుంది ఇది.

బైండింగ్ అంటే మీ బూట్‌ని బోర్డ్‌కి పట్టి ఉంచే భాగం. కాలితో మీరు ఇచ్చే ప్రతి కమాండ్ దీని ద్వారానే బోర్డ్‌కి వెళ్లాలి. ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. స్కీ బైండింగ్ పడిపోయినప్పుడు దానంతట అదే ఊడిపోయేలా తయారవుతుంది. స్నోబోర్డ్ బైండింగ్ అలా ఊడదు. పడినా, దొర్లినా రెండు కాళ్లూ బోర్డ్‌కే ఉంటాయి. అందుకే ఫిట్ తేడా కొడితే నష్టం డబ్బుతో ఆగదు, మోకాళ్లు, చీలమండల మీద కూడా పడుతుంది.

గ్రూమ్డ్ రన్స్, కాస్త పౌడర్, అప్పుడప్పుడు పార్క్‌లో చిన్న జంప్స్, ఇలా అన్నీ ఒకే సెటప్‌తో చేయాలనుకునేవాళ్ల కోసమే ఈ ఆర్టికల్. నా లెక్కలో ముందు చూడాల్సింది కంపాటిబిలిటీ, తర్వాత బూట్ ఫిట్, ఆ తర్వాతే ఫ్లెక్స్. బ్రాండ్, కలర్ అన్నిటికంటే చివర.

ముందు మౌంటింగ్ సిస్టమ్ చూడండి

బోర్డ్ మీద బైండింగ్ బిగించడానికి స్క్రూ రంధ్రాలు ఉంటాయి. ఎక్కువ బోర్డుల్లో కనిపించేవి 4×4, 2×4 ప్యాటర్న్‌లు. 4×4లో రంధ్రాల మధ్య దూరం రెండు వైపులా 4 సెం.మీ. ఉంటుంది. 2×4లో బోర్డ్ పొడవు వైపు 2 సెం.మీ.కి ఒక రంధ్రం వస్తుంది కాబట్టి, కాళ్ల మధ్య దూరాన్ని ఇంకాస్త పక్కాగా సెట్ చేసుకోవచ్చు.

బర్టన్ రూటు వేరు. ఆ కంపెనీ బోర్డుల్లో రంధ్రాలకు బదులు ఛానల్ అనే పొడవాటి గాడి ఉంటుంది. అందులో బైండింగ్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, మీకు నచ్చినచోట బిగించుకోవచ్చు.

తికమక ఇక్కడే మొదలవుతుంది. బర్టన్ బైండింగ్స్‌లో రీఫ్లెక్స్, ఈఎస్‌టీ అని రెండు రకాలు దొరుకుతాయి. రీఫ్లెక్స్‌లో మధ్యలో డిస్క్ ఉంటుంది కాబట్టి అది ఛానల్ మీదా, 4×4 మీదా పనిచేస్తుంది. ఈఎస్‌టీ మాత్రం ఛానల్ బోర్డుకే. ఒకే మోడల్ పేరుతో రెండు వెర్షన్లూ అమ్మకానికి ఉంటాయి కాబట్టి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు ఆ ఒక్క పదం సరిచూసుకోండి. రేపు బోర్డ్ మార్చే ఆలోచన ఉంటే రీఫ్లెక్స్ సేఫ్.

సెకండ్ హ్యాండ్‌లో పాత బర్టన్ బోర్డ్ కొంటే, అందులో త్రికోణంగా ఉండే 3 రంధ్రాల ప్యాటర్న్ కనిపించొచ్చు. దానికి సరిపోయే డిస్క్ లేకపోతే బైండింగ్ బిగించడం కుదరదు.

తర్వాత బూట్ ఫిట్

బైండింగ్ సైజులు ఎస్, ఎమ్, ఎల్ అని ఉంటాయి. ఏ సైజుకి ఏ బూట్ నంబర్ అన్నది కంపెనీని బట్టి మారుతుంది, పక్కపక్క సైజుల రేంజ్‌లు కొంత కలిసిపోతాయి కూడా. అందుకే ఆ కంపెనీ చార్ట్ చూడటం తప్పదు. మీ నంబర్ రెండు సైజులకీ మధ్యలో పడితే చార్ట్‌ని నమ్ముకోకుండా బూట్ పట్టుకుని షాప్‌కి వెళ్లండి.

షాప్‌లో నేను చూసేవి ఇవి:

1. బూట్ మడమ హీల్ కప్‌లోకి పూర్తిగా వెళ్లి కూర్చోవాలి. వెనక ఖాళీ కనిపిస్తే సైజు చిన్నదైనా అయ్యుండాలి, లేదా ఆ బూట్ షేప్‌కి ఆ బైండింగ్ నప్పలేదని అర్థం.
2. హీల్ కప్‌లో బూట్ పక్కలకి ఆడకూడదు. ఆడితే సైజు పెద్దది.
3. యాంకిల్ స్ట్రాప్ మెత్తటి భాగం బూట్ పైన సరిగ్గా మధ్యలో రావాలి. ర్యాచెట్‌ని చివరి పన్ను దాకా లాగాల్సి వస్తోందంటే స్ట్రాప్ పొడవు మార్చాలి, లేదా సైజే మార్చాలి.
4. స్ట్రాప్స్ బిగించి మడమ పైకి లేపండి. బూట్ బైండింగ్‌లోంచి లేస్తే సమస్య బైండింగ్‌ది. బూట్ కదలకుండా లోపల మీ మడమ మాత్రమే లేస్తే సమస్య బూట్‌ది. రెండో కేసులో ఎంత ఖరీదైన బైండింగ్ పెట్టినా లాభం లేదు, ఆ డబ్బు మంచి బూట్ మీద పెట్టండి.

ఫ్లెక్స్: నంబర్ ఒక్కటే చూడకండి

ఫ్లెక్స్ అంటే బైండింగ్ ఎంత మెత్తగా, ఎంత గట్టిగా ఉంటుందన్నది. చాలా కంపెనీలు దీన్ని 1 నుంచి 10 దాకా చెబుతాయి. 1 వైపు మెత్తన, 10 వైపు గట్టి.

మెత్తటి బైండింగ్‌లో కాలు ఫ్రీగా కదులుతుంది. పార్క్ ట్రిక్స్‌కి బాగుంటుంది, చిన్న తప్పుల్ని క్షమిస్తుంది. స్పీడ్ పెరిగితే మాత్రం రెస్పాన్స్ లేట్ అవుతుంది. గట్టి బైండింగ్ మీరు ఇచ్చిన ప్రతి చిన్న కదలికనీ వెంటనే బోర్డ్‌కి పంపిస్తుంది. స్పీడ్‌లో అది వరం. టర్నింగ్ ఇంకా నేర్చుకుంటున్న దశలో అదే తలనొప్పి, ఎందుకంటే మీరు అనుకోకుండా చేసిన కదలిక కూడా బోర్డ్‌కి చేరిపోతుంది.

ఆల్-మౌంటెన్‌కి నేను చెప్పే రేంజ్ 5 నుంచి 7. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, బరువు తక్కువ ఉన్నవాళ్లు 4 లేదా 5 దగ్గర మొదలుపెట్టొచ్చు. అయితే ఈ నంబర్‌కి ఇండస్ట్రీ మొత్తానికీ ఒకే కొలమానం లేదు. ఒక కంపెనీ 6, ఇంకో కంపెనీ 6 ఒకటే అనుకోవద్దు. ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ లాగా ఇది కూడా కథలో ఒక భాగం మాత్రమే.

బూట్, బైండింగ్, బోర్డ్ మూడింటి ఫ్లెక్స్ దగ్గరదగ్గరగా ఉంటేనే సెటప్ బాగా పనిచేస్తుంది. మెత్తటి బూట్‌కి బాగా గట్టి బైండింగ్ పెడితే హైబ్యాక్ పిక్కకి, స్ట్రాప్ పాదానికి నొక్కుకుంటాయి. ఆ గట్టిదనం మాత్రం పూర్తిగా ఉపయోగపడదు.

ఏ పార్ట్ ఏం చేస్తుంది?

హైబ్యాక్ అంటే పిక్క వెనక నిలబడి ఉండే ప్లేట్. మడమ వైపు టర్న్ తీసుకునేటప్పుడు మీరు దాన్ని వెనక్కి నొక్కుతారు, బోర్డ్ ఎడ్జ్ మీదికి లేస్తుంది. దీన్ని ముందుకి వంచే అడ్జస్ట్‌మెంట్‌ని ఫార్వర్డ్ లీన్ అంటారు. కొత్తలో సున్నా దగ్గరే ఉంచండి.

యాంకిల్ స్ట్రాప్ మునివేళ్ల వైపు టర్న్‌లో పనిచేస్తుంది. వేళ్ల మీద బరువు వేసినప్పుడు బూట్ లేవకుండా పట్టుకునేది ఇదే. కాబట్టి స్ట్రాప్ వెడల్పుగా ఉందా, ఒత్తిడిని ఒకేచోట పెట్టకుండా పరుస్తోందా అని చూడండి. టో స్ట్రాప్‌ని ఇప్పుడు ఎక్కువమంది బూట్ ముక్కు మీద టోపీలా తొడుగుతారు. అది బూట్‌ని వెనక్కి, హీల్ కప్‌లోకి నెడుతుంది.

బేస్‌ప్లేట్ ఎక్కువగా నైలాన్ మిశ్రమంతో వస్తుంది. ఖరీదు పెరిగేకొద్దీ కార్బన్, అల్యూమినియం కలుస్తాయి. వీటికంటే నేను ఎక్కువ పట్టించుకునేది పాదం కింద ఉండే ఫోమ్‌ని. గట్టి మంచు మీద వచ్చే అదురు, జంప్ తర్వాత తగిలే దెబ్బ ముందు అక్కడే తగ్గాలి.

స్ట్రాపా, స్టెప్-ఇన్నా?

అసలు డిబేట్ ఇదే. బూట్ తొక్కితే క్లిక్ అయ్యే ఐడియా కొత్తది కాదు. 1990ల్లోనే కే2 కంపెనీ షిమానోతో కలిసి క్లికర్ అనే సిస్టమ్ తెచ్చింది. ఆ తరం స్టెప్-ఇన్‌లు నిలబడలేదు, స్ట్రాప్సే గెలిచాయి. 2017లో బర్టన్ స్టెప్ ఆన్ తెచ్చాక ఈ కేటగిరీ మళ్లీ లేచింది. ఇందులో బూట్‌కి మూడు పాయింట్లు ఉంటాయి. ముందు రెండు, మడమ దగ్గర ఒకటి. తొక్కితే లాక్ అవుతుంది, లివర్ లాగితే వదులుతుంది.

రైడింగ్‌లో స్టెప్ ఆన్ రెస్పాన్స్‌కి వంక పెట్టను. నా అభ్యంతరం ఎకోసిస్టమ్ దగ్గర. దానికి స్టెప్ ఆన్ బూట్లే కావాలి. డీసీ, నైట్రో లాంటి కంపెనీలు కూడా లైసెన్స్ తీసుకుని ఆ బూట్లు చేశాయి కాబట్టి ఇప్పుడు ఛాయిస్ కొంత పెరిగింది. అయినా మీ పాదం షేప్‌కి ఆ కొన్ని మోడల్స్‌లో ఏదీ నప్పకపోతే అక్కడితో దారి మూసుకున్నట్టే. పైన స్ట్రాప్ ఉండదు కాబట్టి మడమని పట్టి ఉంచే పని మొత్తం బూట్‌దే. బూట్ అరిగిపోతే మళ్లీ అదే సిస్టమ్ బూట్ కొనాలి. టైప్-సి పోర్ట్‌కీ, ఒకే కంపెనీ సొంత పోర్ట్‌కీ ఉన్న తేడా లాంటిదే ఇది.

మధ్యేమార్గం కూడా ఉంది. ఫ్లో కంపెనీ పాపులర్ చేసిన రియర్-ఎంట్రీ డిజైన్‌లో హైబ్యాక్ వెనక్కి పడుతుంది, కాలు వెనకనుంచి పెట్టొచ్చు. నైడెకర్ సూపర్‌మాటిక్‌లో మడమ తొక్కగానే హైబ్యాక్ దానంతట అదే పైకి లేచి లాక్ అవుతుంది. ఈ రెండూ మామూలు బూట్లతోనే పనిచేస్తాయి.

టైమ్ ఎంత మిగులుతుందో చిన్న లెక్క వేద్దాం. రోజుకి 15 రన్స్, ప్రతిసారీ స్ట్రాప్స్‌కి 40 సెకన్లు అనుకుంటే మొత్తం 10 నిమిషాలు. లిఫ్ట్ లైన్లో అంతకంటే ఎక్కువసేపే నిలబడతాం. కాబట్టి టైమ్ కోసం స్టెప్-ఇన్ కొనకండి. ప్రతిసారీ మంచులో కూర్చుని వంగడం నడుముకి ఇబ్బంది అయితే, స్కీయింగ్ చేసే ఫ్రెండ్స్‌తో వెళ్తూ ప్రతి రన్‌కీ వాళ్లని ఆపాల్సి వస్తుంటే, అప్పుడు అది సరైన కారణం.

మీరు వెళ్లే మంచు ఎలాంటిది?

సియాటెల్ దగ్గర స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ వైపు మంచు తడిగా, బరువుగా ఉంటుంది. బూట్ అడుగున ముద్దలా అంటుకుంటుంది. అక్కడ స్టెప్-ఇన్ వాడితే తొక్కేముందు ప్రతిసారీ మంచు దులపాలి. స్ట్రాప్స్‌కి ఈ బాధ తక్కువ. అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో గట్టి, ఐసీ రన్స్ ఎక్కువ. అక్కడ ఫ్లెక్స్ 6 లేదా 7, పాదం కింద మంచి ఫోమ్ ఉన్నది తీసుకోండి.

ఇండియాలోనే ఉండి గుల్మార్గ్ ప్లాన్ చేస్తున్నవాళ్లకి ఒక మాట. అక్కడి గొండోలా రెండో ఫేజ్ 4,000 మీటర్లకి దగ్గరి ఎత్తుకి తీసుకెళ్తుంది, పైన ఉండేది గ్రూమింగ్ చేయని సహజమైన మంచు. స్ట్రాప్ బైండింగ్ అయితే విరిగిన ర్యాచెట్‌నో, పోయిన స్క్రూనో అక్కడికక్కడే మార్చుకోవచ్చు. ఆ స్పేర్స్ మాత్రం మీతోనే తీసుకెళ్లండి. లోతైన పౌడర్‌లో, ముఖ్యంగా చెట్ల మధ్య, ఒంటరిగా రైడ్ చేయకండి. చెట్టు మొదట్లో గుంతలో తలకిందులుగా పడితే, ఊడని బైండింగ్స్‌తో సొంతంగా బయటపడటం చాలా కష్టం.

బిగించేటప్పుడు

ఎక్కువ డిస్కుల్లో ఒక్కో గీత 3 డిగ్రీలు. ముందు కాలు +15, వెనక కాలు -6 లేదా -9 దగ్గర మొదలుపెట్టండి. రెండు వైపులా సమానంగా రైడ్ చేయాలంటే +15/-15 పెట్టుకోవచ్చు. బూట్ వేళ్ల వైపు, మడమ వైపు బోర్డ్ అంచు దాటి దాదాపు సమానంగా బయటికి రావాలి. ఒకవైపు ఎక్కువైతే టర్న్‌లో బూట్ మంచుకి రాసుకుని ఎడ్జ్ జారుతుంది. మొదటి రోజు రెండు మూడు రన్స్ తర్వాత స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించండి, తర్వాత వెళ్లిన ప్రతిసారీ చెక్ చేయండి.

ఫైనల్‌గా ఏది కొనాలి?

అమెరికాలో మంచి మిడ్-రేంజ్ స్ట్రాప్ బైండింగ్స్ సుమారు 200 నుంచి 300 డాలర్ల మధ్య దొరుకుతాయి. సీజన్ చివర్లో, వసంతం వైపు డిస్కౌంట్లు బాగుంటాయి. ఈ రేంజ్ దాటితే తగ్గేది కొంచెం బరువు, పెరిగేది కొంచెం గట్టిదనం. ఆల్-మౌంటెన్ రైడర్‌కి ఆ తేడా పెట్టిన డబ్బుకి తగ్గట్టు అనిపించదు.

నేర్చుకునే దశ దాటుతున్నవాళ్లకి బర్టన్ మిషన్ లాంటి మీడియం ఫ్లెక్స్ బైండింగ్ చాలు. స్పీడ్ మీద నమ్మకం వచ్చినవాళ్లు యూనియన్ ఫోర్స్, బర్టన్ కార్టెల్ తరగతి చూడొచ్చు. ఈ రెండూ ఏళ్ల తరబడి లైనప్‌లో నిలబడిన మోడల్స్, స్పేర్ పార్ట్స్ విషయంలో అది పెద్ద ప్లస్. స్టెప్ ఆన్ కావాలంటే ముందు బూట్ వేసుకుని షాప్‌లో ఓ పావుగంట నడవండి, మడమ లేవకపోతేనే ముందుకెళ్లండి.

బడ్జెట్ టైట్‌గా ఉండి బూట్, బైండింగ్, బోర్డ్‌లో ఒక్కదానికే ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే బూట్‌కి పెట్టండి. రెండో స్థానం బైండింగ్‌ది. బోర్డ్ పాతదైనా సరే, ఈ రెండూ కుదిరితే కొండ మీద రోజు హాయిగా గడిచిపోతుంది.