జ్వరానికి మందు – రక్తం చెప్పే సాక్ష్యం



ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలితే మనం మొదట చేసే పని ఏమిటి? సందు చివర మందుల షాపుకి పిల్లాణ్ణి పంపి, పోయినసారి వాడిన బిళ్ళలే మళ్ళీ తెప్పించడం! అవి యాంటిబయాటిక్ బిళ్ళలైతే ఎంత చిక్కు వస్తుందో ఇవాళ చెప్పుకుందాం.

కాలవ నీళ్ళ మీద బతికే మన బెజవాడకీ, కృష్ణా డెల్టా ఊళ్ళకీ టైఫాయిడ్ కొత్త కాదు. కలుషితమైన నీటితో, తిండితో కడుపులోకి వెళ్ళిన క్రిమి రక్తంలో చేరుతుంది. 1948 నుంచి దీనికి క్లోరాంఫెనికాల్ బాగా పనిచేసింది. 1972లో కేరళలో ఆ మందుకి లొంగని టైఫాయిడ్ చెలరేగింది. తరవాత సిప్రోఫ్లాక్సాసిన్ కూడా చాలాచోట్ల పట్టు కోల్పోయింది. అందుకే "పక్కింటివాళ్ళకి దీంతోనే తగ్గింది" అన్న మాట చెల్లదు. ఏ క్రిమి ఏ మందుకి లొంగుతుందో లాబొరేటరీయే చెప్పాలి.

ఆ పరీక్ష పేరు బ్లడ్ కల్చర్. రక్తం తీసి, క్రిములకి ఆహారం ఉన్న సీసాలో పోసి, ఒంటి వేడిలాంటి వేడిలో ఉంచుతారు. పాలు తోడు పెట్టడం లాంటిదే అనుకోండి. పాలు మరీ వేడిగా ఉంటే తోడుకోవు కదా! అలాగే ముందే యాంటిబయాటిక్ మింగేస్తే క్రిమి సీసాలో పెరక్కపోవచ్చు. ఒంట్లో జబ్బు మాత్రం ఉండనే ఉంటుంది. పెరిగిన క్రిమిని పళ్ళెంలో పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ తగినంత ఖాళీ వలయం ఏర్పడితే ఆ మందు పనిచేస్తుందన్నమాట. దీనికంతకీ రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

"అందాకా రోగి అలా పడి ఉండాలా?" అంటారేమో. అక్కర్లేదు. జబ్బు తీవ్రంగా ఉంటే రక్తం తీసిన వెంటనే డాక్టరుగారు మందు మొదలుపెడతారు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. రిపోర్టు చూసి మందు మారిస్తే "ముందు తెలియక ఇచ్చారు" అనుకోకండి. రెండు చోట్ల రక్తం తీస్తే విసుక్కోకండి. సీసాలో పెరిగింది చర్మం మీది క్రిమా, రక్తంలోదా అన్నది తేలేది అలాగే. ఏమీ పెరగలేదన్నంత మాత్రాన టైఫాయిడ్ లేదనీ కాదు. ఆ సంగతి డాక్టరుగారికే వదిలేయండి.

జ్వరం మూడు రోజులు దాటినా, అంతకు ముందే మగత, ఆయాసం, మాట తడబాటు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అంతవరకూ వాడిన మందుల చీటీ చూపించండి. "యాంటిబయాటిక్ ఇచ్చేముందు కల్చరుకి రక్తం తీస్తారా, డాక్టరుగారూ?" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండమ్మా!