మీకు తెలుసా? మీరాలం చెరువును ఆపుతున్నది 21 కమాన్లు

పాతబస్తీలో కమాన్లకు కొదవ లేదు. చార్మినార్‌కు నాలుగు దిక్కులా నాలుగు, దానికి దగ్గర్లోనే చార్ కమాన్, మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్ కింద వరసగా 22. ఇవన్నీ నిటారుగా నిలబడ్డవి. పక్కకు పడుకోబెట్టిన కమాన్లు కూడా ఇక్కడే ఉన్నాయి. జూపార్కును ఆనుకుని ఉన్న మీరాలం చెరువు కట్టలో అలాంటివి 21. రెండు వందల ఏళ్లు దాటినా ఆ నీటిని అవే ఆపుతున్నాయి.

మన చెరువు కట్ట అంటే మట్టికట్టే. పాకాల, రామప్ప, లక్నవరం ఏది చూసినా అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా పోసిన మట్టిగుట్ట. దాని బరువే నీటిని నిలబెడుతుంది. మీరాలం కట్ట తీరు వేరు. రాయీ సున్నంతో కట్టిన అర్ధచంద్రాకారపు గోడలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ప్రతి గోడ పొట్ట నీటివైపు, రెండు కొసలూ పక్కనున్న లావుపాటి రాతి దిమ్మెల మీద. కమాన్ల వెడల్పు అన్నిటికీ ఒక్కటి కాదు. కట్ట ఎత్తు సుమారు 12 మీటర్లు.

ఈ ఒంపు ఎందుకో పిల్లలకు ఇంట్లోనే చూపించవచ్చు. రెండు లావుపాటి పుస్తకాల మధ్య ఒక పోస్టుకార్డును నిలబెట్టి, నడుమ వేలితో నొక్కమనండి. వెంటనే వంగిపోతుంది. అదే కార్డును విల్లులా వంచి, పొట్ట తమవైపు ఉండేలా పెట్టి మళ్లీ నొక్కమనండి. ఈసారి కార్డు నిలుస్తుంది, జరిగేవి పుస్తకాలు. నీటి తోపుడు ఒంపు వెంట రెండు పక్కలకూ పాకి దిమ్మెలకు చేరుతుందన్నమాట. రాయీ సున్నం నొక్కుడుకు బాగా ఓరుస్తాయి, లాగుడుకు మాత్రం పగులుతాయి. ఒంపు గోడలో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. అందుకే వట్టి బరువును నమ్ముకున్న గోడకు కావలసినంత రాయి దీనికి అక్కర్లేదు. పురానాపూల్ కమాన్లు తమ మీది బరువును స్తంభాలకు దించేదీ ఈ సూత్రంతోనే. అక్కడ బరువు పైనుంచి వస్తుంది, ఇక్కడ పక్కనుంచి. పాతబస్తీ పిల్లలకు ఇంతకంటే మంచి సైన్సు పాఠం బడి గోడల మధ్య దొరకదని నా గట్టి నమ్మకం.

కట్టించినది మీర్ ఆలం. మూడో నిజాం సికందర్ జా దగ్గర 1804 నుంచి 1808లో చనిపోయేదాకా దివానుగా ఉన్నాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన నిజాం సైన్యం వెంట నడిచినవాడు. దివాను అయిన ఏడాదే చెరువుకు పునాది వేశాడు, 1806కల్లా పని పూర్తయింది. ఇంజనీరు హెన్రీ రస్సెల్ అని ఆనకట్టల చరిత్రలో కనిపిస్తుంది. ఫ్రెంచి ఇంజనీర్లని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చేదాకా నగరం తాగునీటికి ఎక్కువగా ఈ చెరువు మీదే ఆధారపడింది. పాతబస్తీలోని మీరాలం మండీ కూడా ఆయన పేరుదే.

ఇలా వరస కమాన్లతో నీటిని ఆపడం ప్రపంచంలో చాలా అరుదు. స్పెయిన్‌లో రోమన్లు ఎస్పరగలేహో దగ్గర ఒకటి కట్టారు. ఆ తర్వాత చరిత్రకారులు ప్రముఖంగా చెప్పేది మీరాలం కట్టనే. ఇనుప చువ్వలతో బిగించిన కాంక్రీటు కమాన్లతో మొదటిది కాలిఫోర్నియాలోని హ్యూమ్ లేక్ ఆనకట్ట, అదీ 1908లో. ఇప్పుడు ఈ రకంలో అన్నిటికంటే పెద్దది కెనడాలోని డేనియల్ జాన్సన్ డ్యామ్, ఎత్తు 214 మీటర్లు. దానికంటే నూట అరవై ఏళ్లు ముందే మన బహదూర్‌పురా పక్కన ఆ పద్ధతి పని చేస్తోంది!

ఇక ఈ చెరువు దగ్గర నడక సంగతి. చెరువంతా చుట్టి రావాల్సిన పని లేదు, ఆనుకుని ఉన్న జూపార్కులో నడిస్తే చాలు. 1963లో తెరిచిన జూపార్కు 380 ఎకరాలది. దారులు చదును, చెట్ల నీడ బోలెడు. చంటిపిల్లలతోనైనా, మోకాళ్ల నొప్పులున్న నానమ్మతోనైనా హాయిగా తిరగవచ్చు. కాళ్లు లాగితే బ్యాటరీ బండి ఉంది. కట్ట పైకి మాత్రం పిల్లల్ని ఎక్కనివ్వకండి.

చెరువు పిట్టల కోసం పొద్దున్నే వెళ్లాలి. మన చెరువుల దగ్గర నీటికాకి రెక్కలు బార్లా చాపి ఎండలో నిలబడటం చూసే ఉంటారు. దాని ఈకలు బాతు ఈకల్లా నీటిని తోసెయ్యవు, తడుస్తాయి. అందువల్లే అది సులువుగా మునిగి చేపను పట్టగలదు. ఆ తర్వాత ఆరబెట్టుకోక తప్పదు. బుడుబుంగ అయితే పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదుతుంది. లకుముకి, తెల్లకొంగ, నారాయణపక్షి పేర్లు ముందే నేర్పితే పిల్లలు వాటిని వెతుక్కుంటూ విసుగు లేకుండా నడుస్తారు.

నీటి మీద పచ్చగా పరుచుకునే గుర్రపుడెక్కను చూసి మాత్రం అందమనుకోకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అది. మురుగులోని పోషకాలు తిని, అనువు దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. కింద చేపలకు వెలుతురూ ప్రాణవాయువూ అందనివ్వదు. ఎన్నిసార్లు తీసినా మురుగు వచ్చి కలిసినంత కాలం మళ్లీ మొలుస్తుంది. గోడ ఎంత గట్టిదైనా నీటిని ఆపగలదే కానీ శుభ్రం చెయ్యలేదు. ఒకప్పుడు నగరం దాహం తీర్చిన నీళ్లకు ఈ గతి పట్టడం చూస్తే బాధేస్తుంది.

నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. జోరువానలప్పుడు వెళ్లకండి. 2020 అక్టోబరు వానలకు చెరువు నీళ్లు జూలోని సఫారీలోకి వచ్చేశాయి. సోమవారం జూపార్కుకు సెలవు.